ఆ పొగరుబోతు నర్సు

అమలాపురం,
14 జూన్ 2021.

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు శ్రీదుర్గ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ఆసుపత్రిలో మీ అబ్బాయి, నేను క్షేమం. ఈ నెలలో ఆ మాట నిజంగా రాయడం ఇదే మొదలు. నిన్నటి నుంచి జ్వరం లేదు. పొద్దున ఇడ్లీ అడిగి, చట్నీ పలచగా ఉందని నన్ను విసుక్కున్నారు. ఆయన విసుగు చూసి ఇంత సంతోషపడతానని అనుకోలేదు.

కరోనా తగ్గినా ఇంటికెందుకు పంపలేదని అడిగారు కదా. గొంతులో గొట్టం వేసినప్పుడు ఊపిరితిత్తుల్లో వేరే క్రిమి చేరిందట. ఆసుపత్రుల్లో మందులకు అలవాటుపడి మొండిదేరిన క్రిమి. ఎన్ని మందులు మార్చినా లొంగక, ఆఖరుకి మిగిలిన ఇంజక్షనుకు లొంగింది. డాక్టరమ్మగారు నన్ను పక్కకు పిలిచి, ఇవి చేతుల మీదుగానే ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతాయమ్మా, ఇంకో రకం గనక ఈయనకు అంటుకుంటే నా దగ్గర ఇక మందు లేదు అన్నారు.

ఇక పెదమావయ్య బాపిరాజుగారు వచ్చిన సంగతి. పెద్దవాళ్లని నిలబెట్టి చేతులు కడిగించిన ఆ పొగరుబోతు నర్సు ఎవరో కనుక్కుని, పెద్ద డాక్టరుకి ఫిర్యాదు చెయ్యమని మీరు ఫోన్ చేయించారు. జరిగింది రాస్తాను, మీరే చెప్పండి.

పెదమావయ్యగారి మర్యాద మీకు తెలుసు. పెళ్లికి వెళితే పందిరంతా పలకరించి గాని విస్తరి ముందు కూర్చోరు. ఇక్కడా అంతే. కొబ్బరి బొండాలు పట్టుకొచ్చి, ప్రతి మంచం దగ్గరా ఆగి, ఏ ఊరండీ మనది, ఎలాగుందండీ అంటూ చెయ్యి పట్టుకున్నారు. కపిలేశ్వరపురం ముసలాయన నుదురు నిమిరి, తలగడ సర్ది, ఆ చేతులతోనే మీ అబ్బాయి దగ్గరకు వచ్చారు. గౌను, టోపీ, మాస్కు వేసుకున్న ఆ పిల్ల మంచానికి అడ్డంగా నిలబడి, చేతులు కడుక్కుని రండి అంది. నేను స్వయానా పెదనాన్ననండీ అన్నారాయన. పెదనాన్నగారైనా కడుక్కోవాలండీ అంది. పక్క మంచం వాళ్లు నవ్వారు. ఆయనకు కోపం వచ్చి, మా కోడలు పిల్లని చూసి నేర్చుకో, వచ్చి రెండేళ్లయినా నా ఎదుట నోరు విప్పి ఎరగదు, ఏదిరా అది అని కేకేశారు. మీ అబ్బాయి దుప్పటి ముఖం మీదకు లాక్కుని, మందులకు వెళ్లిందన్నారు.

ఆ పిల్ల పక్కకు జరగలేదు. ఆఖరుకి ఆయన మోచేతుల దాకా సబ్బుతో తోముకుని వచ్చి, ఆయ్, కడిగేనండి నర్సమ్మగారూ, ఇంక లోపలికి రానిస్తారా అని దెప్పి, మీ అబ్బాయిని పలకరించి వెళ్లారు.

నిన్న రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మగారు భయపడిన ఆ రెండో రకం కపిలేశ్వరపురం ముసలాయన ఒంట్లోనే ఉందట. పాపం, ఆయన్ని విడిగా వేరే గదిలో ఉంచారు. మీ అబ్బాయికి మాత్రం అంటలేదు. శుక్రవారం ఇంటికి పంపుతామన్నారు.

ఇప్పుడు చెప్పండి అత్తయ్యగారూ, ఆ పిల్ల మీద ఫిర్యాదు చెయ్యమంటారా?

మీ ఆశీస్సులు కోరే కోడలు,
శ్రీదుర్గ

తా.క. ఆ పిల్ల నర్సు కాదండీ, నేనే. రోగి దగ్గరే ఉండేవాళ్లకూ ఇక్కడ గౌను, టోపీ ఇస్తారు. పెదమావయ్యగారు నా గొంతు ఎప్పుడూ వినలేదు కదా, పోల్చుకోలేకపోయారు. ఫోన్లో అయితే మీరు స్పీకరు పెడతారు, అందరికీ వినబడుతుందని ఇలా రాసి, మన బుల్లబ్బాయి ఆటోలో పంపిస్తున్నాను. ఆయనకు చెప్పడం, మానడం మీ ఇష్టం. శుక్రవారం నాటికి మన వీధి గుమ్మం దగ్గర సబ్బు, బిందెడు నీళ్లు పెట్టించండి. ఇంట్లో నా ముఖానికి మాస్కు ఉండదు. అయినా అడుగుతాను.