నిన్ను అడగకుండా రాసిన వార్త

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర జరిగిన సమ్మె సభకు వార్త రాసుకోవడానికి వెళ్ళాను. కార్మికుల తరఫున మాట్లాడింది నీ దగ్గర చదివిన రాజమ్మ. ముందుగా యజమాని కష్టాలే చెప్పింది: పత్తి ధర, కరెంటు కోత.

"ఏమ్మే, నువ్వు మన పక్కమా, వాండ్ల పక్కమా?" అని ఒక పెద్దాయన అరిచాడు.

"ఉండు మామా, వాండ్లది చెప్పినాకే మనది. టీచరమ్మ అట్లనే నేర్పిచ్చింది."

నీ తరగతిలో కార్మికుల పిల్లలు యజమానిగా, యజమాని కూతురు కార్మికురాలిగా వాదించాలి. అది నచ్చక రెండు పక్షాలూ ఫిర్యాదు చేశాయి. మిల్లు బడి నిన్ను తీసేసింది. ఆ వార్త రాసింది నేనే. యజమాని మాట రాశాను, యూనియన్ మాట రాశాను. సొంత అక్క కదా, పక్షపాతం అంటారని నిన్ను మాత్రం అడగలేదు. నువ్వు ఆ పేపరు చదివి, మడిచిపెట్టి, నాకు అన్నం వడ్డించావు.

బడి వదిలి వెళ్ళిన రోజు నువ్వు పిల్లలతో ఏమన్నావని సభ అయ్యాక రాజమ్మను అడిగాను.

"ఎందుకు తీసేసినారని మేమంతా ఏడిస్తిమి సారూ. 'రేపు మా తమ్ముడు వచ్చి అడుగుతాడు, నా పక్కం వాడికి చెప్తా' అనింది."