క్యాలెండరులో నాయన సున్నాలు

నాయనకు,

మహాదేవి నమస్కరించి రాసేది. కడప హాస్టల్లో నేను కులాసా. నువ్వు, అమ్మ, ఎనుములు అందరూ బాగున్నారని తలుస్తాను. ఫోనులో ఎంత అరిచినా నీకు వినబడదు. అమ్మతో చెప్పిద్దామంటే ఈ మాట నోరు దాటి రావడం లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

"ఫైనాన్షియల్ మ్యాథమెటిక్సు చదివితే యాడమ్మా ఉద్యోగం ఇచ్చేది, బ్యాంకులోనా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. బ్యాంకులోనూ ఇస్తారు నాయనా. అప్పిస్తే వసూలవుతుందా మునుగుతుందా అని ముందే లెక్కగట్టే వాళ్లు కావాలి వాళ్లకు. షేర్ల కంపెనీలు, పింఛను నిధులు, బీమా కంపెనీలు కూడా తీసుకుంటాయి. ఈ ఏడు నా ప్రాజెక్టు ఒక బీమా కంపెనీలోనే, పంటల బీమా లెక్కలు. ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నావు కదా.

ఇక నీ రెండో ప్రశ్న. "పక్క చేని ఈరక్క దినామూ వాకిట్లోకి వస్తాంది. మీ పాప ఆడనే ఉండాది కదా, కింద పక్క మండలాలకంతా శనక్కాయ బీమా వచ్చె, మనకేల రాల్యా అంటాంది. ఏం చెప్పాల?" అన్నావు.

నా వల్లే రాలేదని చెప్పు నాయనా.

మన మండలంలో వాన కొలిచే యంత్రం ఆగస్టులో పదకొండు రోజులు చెడిపోయింది. ఆ ఖాళీలు నింపే పని నాది. పుస్తకంలో చెప్పినట్టే గుట్టకు ఆ పక్క మండలం అంకెలు తెచ్చి పెట్టేశాను. అక్కడ బాగా కురిసింది. మనకు చినుకు లేదు. అయినా ఆ అంకెలతో మనకూ వాన పడినట్టయి, బీమా పోయింది. ఆ వాన గుట్ట దాటి రాదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కంపెనీలో మా పెద్ద వసంతకుమార్ సార్ అడిగారు కూడా, "ఆ ప్రాంతం నీకేమైనా తెలుసా?" అని. తెలియదన్నాను. ఎందుకంటే, నాది కర్నూలు టౌను, మా నాయన లెక్చరర్ అని మొదటి రోజే చెప్పుకున్నాను.

ఇంగ్లీషు గలగలా మాట్లాడే వాళ్ల ముందు శనక్కాయ చేను పేరెత్తడానికి సిగ్గేసింది. నువ్వు నా గురించి ఊరంతా చెప్పుకున్నావు, నేను నిన్ను దాచేశాను.

నిన్న సార్ దగ్గర అంతా ఒప్పుకున్నాను. గట్టిగా తిట్టారు. ప్రాజెక్టులో ఉంచుతారో తీసేస్తారో తెలియదు. చివరికి, "వాన పడలేదనడానికి ఆధారం ఏముంది?" అన్నారు.

మన వంటింటి గోడ మీది క్యాలెండరు ఉంది కదా! వాన పడితే చేన్లో మట్టి తవ్వి చూసి, తడి ఎంత లోతు దిగిందో బెత్తెడు, జానెడు అని తేదీ పక్కన రాస్తావు. పడకపోతే సున్నా. నా చెయ్యి పట్టి నువ్వు రాయించిన మొదటి అంకె ఆ సున్నానే.

ఆ క్యాలెండరు చింపకుండా రిజిస్టరు పోస్టులో పంపించు. మళ్లీ పరిశీలిస్తామని మాత్రమే అన్నారు, కాబట్టి ఈరక్కకు ఆశ పెట్టొద్దు. నేనే వచ్చి ఆమె కాళ్లు పట్టుకుంటాను.

సార్‌కు ఇచ్చే కాగితంలో 'కొలిచినవారు' అని ఒక గడి ఉంది. అందులో రాసేశాను: రంగస్వామి, రైతు, మా నాయన.

ఇట్లు,
శనక్కాయ చేని రంగస్వామి కూతురు,
మహాదేవి