ఎదురు ప్లాటులో తుమ్మికూర

సైనిక్‌పురి

సుమిత్ర వదినకు,

చవితికి మీ చెల్లెలు కల్పలత మీకు ఏటా పంపే తుమ్మికూర ఈసారి పంపలేను. మొలవలేదని నేను ఫోన్‌లో చెప్పింది అబద్ధం. మా ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాటులో వానలకు బాగానే మొలిచింది.

మీ చెల్లెలు పొద్దున్నే అక్కడ కూర్చొని గోటితో చిగుళ్ళు మాత్రమే తుంచేది. వేరు కదలనిచ్చేది కాదు. చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని నాకు సిగ్గుగా ఉండేది. బోయిన్‌పల్లి మార్కెట్ ఉండగా ఈ గడ్డి ఎందుకని విసుక్కునేవాణ్ణి. చివరికి, పాములు వస్తున్నాయని కాలనీ సంఘానికి అర్జీ రాసింది నేనే. జేసీబీ వచ్చి అంతా చదును చేసింది.

ఆరోజు ఆమె ఖాళీ గిన్నెతో తిరిగొచ్చి, "ఎవరు చేయించిన్రో ఏమో, వేర్లు సుత మిగలలే," అంది.

నాకు తెలియదన్నాను. ఆ తర్వాత ఆమె బతికింది పదకొండు రోజులు.

ఎక్కడో కాస్త దొరికిందని చెప్పి మీకు పంపుదామని, నిన్న మార్కెట్‌లో ఒక కట్ట కొన్నాను. బస్సు పార్సిల్‌కు సర్దుతూ విప్పి చూశాను. ప్రతి మొక్కకూ వేరు ఉంది.

మీ మరిది