కోర్టు ముందు నీ పుట్టినరోజు

అక్కా,

నిన్ను నేనెన్నడూ చూడలేదు. మన ఆయనకు నువ్వు మొదటి భార్యవు, నువ్వు పోయాక వచ్చినదాన్ని నేను. కెనడా దరఖాస్తుకు నీ డెత్ సర్టిఫికెట్, మా పెళ్ళి కాగితం నోటరీ చేయించడానికి ఇవాళ సూర్యాపేట కోర్టుకు వెళ్ళాం.

“మొదటి భార్య పుట్టిన తారీఖు చెప్పున్రి,” అన్నాడు టైపిస్టు.

మన ఆయన తడుముకోకుండా చెప్పాడు.

“మరి ఈమెది?”

ఆయన నా వైపు తిరిగి, “నీ ఆధార్ కార్డు జర ఇటియ్యి,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చాక, “ఇగ పరేషాన్ లేదు, పని ఖతం,” అన్నాడు.

ఎక్కడి ఖతం? పెళ్ళినాడు నీ పేరున కట్టిన సవతమ్మ బిళ్ళ నా మెడలోనే ఉంది. ఆయన వెంట పోవడానికి నాకు ఇన్ని కాగితాలు కావాలి. నీకు వీసా కూడా అక్కర్లేదు.