బ్యాగులు దించండి

ప్రియమైన చిట్టితల్లికి,

ఫోన్ చేస్తే "ఊ", "తిన్నా", "సరే" తప్ప నాలుగో మాట నీ నోట్లోంచి రాదు. అందుకే ఈ ఉత్తరం. దీనికి "ఊ" అని జవాబు రాయలేవుగా!

ప్రతి స్టేషన్‌కీ ఒక యువ కమిటీ పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వీధుల్లో గస్తీ ఎలా ఉండాలో ఇకమీదట మీ వయసువాళ్లూ చెప్తారట. ముందు మీరు మాట్లాడాలి, మీరు ముగించేదాకా పోలీసులు నోరెత్తకూడదు. "అంతసేపు మీకు ఊపిరాడుతుందా మేడమ్?" అని స్టేషన్లో కాగితాలు రాసే మా రైటర్ ఒకటే నవ్వు.

మీ ఊళ్లో మొదటి సమావేశంలో నన్ను మాట్లాడమన్నారు. ఎందుకంటావా? సాయంత్రం ఆరు దాటాక రోడ్డు మీద కనిపించే కుర్రాళ్ల బ్యాగులు వెతకాలని నేనొక ఆర్డర్ రాశాను. ఇక్కడ సెల్‌ఫోన్ల దొంగతనాలు తగ్గాయి. మీ ఊరి స్టేషన్ కూడా దాన్నే తీసుకుంది. ఎస్సై అయ్యాక నాకొచ్చిన మొదటి మెచ్చుకోలు ఇదే. యూనిఫామ్‌లో వస్తాను, ముందు వరసలో కూర్చుని గట్టిగా చప్పట్లు కొట్టాలి. నిన్ను చూసుకుంటున్నందుకు పెద్దమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ కోసం రోజులు లెక్కపెడుతున్న
అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. నాలుగుసార్లు రాసి చింపేశాను.

ఆ ఆర్డర్ నీదని నాకు తెలియదమ్మా.

పోయిన నెల నేనూ, మా క్లాసు పొడుగోడూ లైబ్రరీ నుంచి వస్తున్నాం. బస్టాపులో జీపు ఆగింది. "బ్యాగులు దించండి" అన్నారు. నా బ్యాగు ముట్టుకోలేదు. వాడి పుస్తకాలు, టిఫిన్ డబ్బా రోడ్డు మీద పోశారు. "ఈ వారంలో ఇది మూడోసారి సార్" అన్నాడు వాడు. ఎదురు మాట్లాడతావా అని చెంప మీద కొట్టారు. బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి చూస్తున్నారు.

మా అమ్మ ఎస్సై అని ఒక్క మాట అంటే ఆగేవాళ్లు. అనలేదు. మా అమ్మ బట్టలు కుడుతుందని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. పోలీసుల పిల్లనని తెలిస్తే నా ముందు ఎవరూ మనసు విప్పి మాట్లాడరని భయం. వాడు పుస్తకాలు ఏరుకుంటుంటే వంగి ఒక్కటి అందివ్వలేదు. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

సమావేశంలో వాడు మాట్లాడతాడట. నువ్వు రావద్దు. వచ్చినా యూనిఫామ్ వద్దు.

నీ కూతురు

*

చిట్టితల్లీ,

నీ ఉత్తరం స్టేషన్లో చదివాను. తల కొట్టేసినట్టయింది. ఎదురుగా ఉన్న కానిస్టేబుల్ ముఖం చూడలేకపోయాను.

"కొట్టమని నేను రాయలేదుగా" అనుకున్నాను మొదట. తప్పించుకోవాలని చూశానని నీకు తెలియాలి. నా కాగితం లేకపోతే ఆ జీపు అక్కడ ఆగేదే కాదు.

వస్తాను. మామూలు బట్టల్లో, వెనక వరసలో కూర్చుంటాను. ఆ అబ్బాయి మాట్లాడాక లేచి, రాసింది నేనేనని అందరిముందూ ఒప్పుకుంటాను. మాటిస్తున్నాను.

అమ్మ

*

తల్లీ,

నిన్నటి సమావేశం తర్వాత ఏ ముఖం పెట్టుకుని రాయను?

"ఆ ఆర్డర్ రాసినవాళ్లని తిట్టాలని లేదు. మాలో ఒక్కరినైనా అడిగి రాశారా అని తెలుసుకోవాలనుంది, అంతే" అన్నాడు ఆ అబ్బాయి. నేను లేవాల్సింది అప్పుడే. దొంగల వెంట గోడలు దూకిన కాళ్లు కదల్లేదు. మైకులో నన్ను పిలిచేలోపు పక్క తలుపులోంచి జారుకున్నాను. పారిపోయేవాళ్ల ముఖం ఎలా ఉంటుందో ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. నిన్న బస్సు అద్దంలో నాదే చూసుకున్నాను.

ఆర్డర్ రద్దు చేయమని ఈ పొద్దున పైకి రాశాను. కాగితం మీద రాయడానికి ధైర్యం అక్కర్లేదు. మీ ముందు నోరు విప్పడానికి కావాలి, అదే నాకు లేకపోయింది.

మాట తప్పిన
అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

నువ్వు వెళ్లిపోవడం చూశాను. చాలా కోపం వచ్చింది. తర్వాత, బస్టాపులో నేను చేసిందీ అదే కదా అనిపించింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటుంది పెద్దమ్మ. మన ఇంట్లో దూడే ముందు మేసింది!

మైకులో నిన్ను రెండుసార్లు పిలిచారు. "మేడమ్ రాలేదేమో" అన్నారు. నేను లేచాను. "వచ్చింది. ఇప్పుడే ఆ పక్క తలుపులోంచి వెళ్లిపోయింది. ఆ ఆర్డర్ రాసింది ఆవిడే. ఆవిడ మా అమ్మ" అన్నాను. వాడివైపు తిరిగి, "ఆ రోజు నేను నోరెత్తలేదు, తప్పయింది" అన్నాను. వాడు నా వైపు చూడలేదు. నాలుగు రోజులు మాట్లాడలేదు, పక్కన కూర్చోలేదు.

నిన్న నా బెంచీ మీద ఒక కాగితం పెట్టి వెళ్లాడు. పోలీసుల్లో ఎవరు తమ మాటలు వినాలో కమిటీ పిల్లలే ఎంచుకోవచ్చట. అందరితో సంతకాలు పెట్టించాడు. పైన నీ పేరు రాశాడు. అడుగున నాకోసం ఒక ముక్క రాశాడు: "శనివారం మీ అమ్మని రమ్మను. ఈసారి ఆ తలుపు దగ్గర నేను కూర్చుంటా."

నీ కూతురు