ఎర్రచుక్క వాల్వులు

కర్నూలు

తల్లి మాదిరి నన్ను సాకిన అక్క సుంకమ్మకు తమ్ముడు మద్దిలేటి మొక్కి రాసేది. నేనీడ బాగుండా. నువ్వు, బావ, పిల్లోల్లు ఎట్లుండారు? బావ మోకాలి వాపు తగ్గిందా? ఈ ఉత్తరం నువ్వే కూడబలుక్కోని చదువు, ఎవురితోనూ చదివించుకోవద్దు. ఎందుకో చదివితే నీకే తెలుస్తాది.

ఈడ ఎండలు శానా. తుంగభద్రలో ఇసుకే కనపడ్తాండాది. పూటకూళ్లింట్లో తెల్లన్నం పెడ్తారు, తిన్న గంటకే మళ్లా ఆకలి. కోడుమూరు నుంచి ఎవురన్నా వస్తే నాలుగు జొన్నరొట్టెలు, ఇంత చింతాకు పొడి పంపు. నేను బాగుండా, దిగులు పడొద్దు.

నేను పనిచేసే రేడియో అంగడి ఖాదర్ సాయబుదని చెప్పింటి గదా. సభలకు బాడుగకిచ్చే మైకుసెట్లు కూడా ఉండాయి. కర్నూలు రాజధాని అయినప్పట్నుంచి దినామూ యాడో ఒగసోట సభే. ఈ సాయబు మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. సెట్టులో వాల్వులు, అంటే ఎర్రగా వెలిగే గాజు బుడ్లు, ఊడబీకేటప్పుడు నాకు వీపు పెట్టి కూసుంటాండె. దగ్గరికి పోతే "టీ తేపో మద్దిలేటీ" అంటాండె. ఏం దాస్తాండాడో అని నేను లోపల్లోపల లెక్కలేస్తాంటి.

పోయిన నెల డోన్ నుంచి రైల్వే గార్డు దొర ఒగాయన ఒగ పెట్టె తెచ్చినాడు. ఆయన గిటారు వాయిస్తాడు. ఆ తీగల చప్పుడు ఈ పెట్టెలోకి పోయి పెద్దదై వస్తాది. స్నేహితుని గిటారు కూడా తగిలించేదానికి పెట్టెకు ఇంకో తొర్ర పెట్టమన్నాడు. సాయబు వాల్వులన్నీ తీసి, తొర్ర పెట్టి, మళ్లా బిగించి పంపినాడు.

వారానికే దొర పెట్టె మోసుకోని వచ్చె. పెట్టె పలకడంల్యా.

"సాయబూ, ఇవి నా వాల్వులు కాదు. నా రెండిటికీ అడుగున ఎర్రచుక్క పెట్టినా. యాడికి పోయినాయి?"

"నేను మార్చలేదు దొరా" అని సాయబు నా దిక్కు తిరిగినాడు. దొర కూడా నన్నే చూసె. అక్కా, దొంగతనం నా మీద పెడ్తాండారని అనుకుంటి. దొర పెట్టె అంగట్లోనే పెట్టి పోయె.

మర్నాడు సభకని మైకుసెట్టు తీసకపోయి మూత తెరిస్తే, రెండు వాల్వుల అడుగున ఎర్రచుక్క! సాయబు దొంగ అని తీర్మానం చేసుకుంటి. ఆయప్పను ఒగ మాట అడగల్యా. ఆదివారం రైలెక్కి డోన్ పోయి దొరకు చెప్పొచ్చినా.

సోమవారం దొర ఇంకో ఇద్దరు మనుషుల్ని ఎంటబెట్టుకోని వచ్చి బజారంతా వినేటట్లు దొంగ అని అరిచె. మైకుసెట్టు తెరిచి తన వాల్వులు తీసె. సాయబు దొర పెట్టెలోంచి ఒగ వాల్వు తీసి చేతికిచ్చి, "రెండిటి మీదా ఏముండాదో చదువు దొరా" అనె.

"ఇది సిక్స్ ఎల్ సిక్స్. ఇది సిక్స్ వి సిక్స్. ఈ తక్కువ పవరుది నా పెట్టెలో పెడితే కాలిపోదా?"

"కాలిపోతాది. మైకుసెట్టువి, నీ పెట్టెవి ఒగేసోట పెట్టింటి, నాకు రెండూ ఒగటే మాదిరుండాయి. కండ్లకు పొర కమ్మి ఏడాదాయె. చేత్తో తడిమి బిగిస్తాండా."

"చెప్పకూడదా?"

"చెప్తే ఎవురు తెస్తారు దొరా, గుడ్డోని కాడికి?"

దొర టోపీ తీసి బల్ల మీద పెట్టి కూసునె. సాయబు చెప్తాంటే ఆ వాల్వులు నేనే బిగిస్తి. పెట్టె పలికింది. దొర పోయినాక సాయబు అడిగె, "నువ్వేనా చెప్పింది?"

"నేనే."

"నన్ను అడగకపోతివే."

"అడిగింటే చెప్పేటోనివా?"

"చెప్పేటోన్ని కాదు" అని మళ్లా పనిలో పడె. తిట్టింటే బాగుండు అక్కా.

ఆయప్ప కండ్ల సంగతి ఊర్లో ఎవురికీ చెప్పొద్దు. మనూరోల్లు ఈడికే రేడియోలు తెస్తాంటారు. పెద్దాసుపత్రిలో పొర తీస్తారంట, నేనే తోడు పోవల్ల. ఇప్పుడు పనంతా నా చేత్తోనే చేయిస్తాండాడు, శానా నేర్చుకుంటాండా. వాల్వు మీద నెంబరు నేనే చదివి చెప్పల్ల. చెప్తా. తలకాయ ఊపుతాడు. ఊపి, పక్కంగడి టైలరును పిలిచి అదే వాల్వు మళ్లా చదివిస్తాడు. దినామూ ఇదే.

బావకు, పెద్దమ్మకు నా దండాలు. పిల్లోల్లకు ముద్దులు. నేను బాగుండా. నీ చల్లని చెయ్యి నా తల మీద ఉండల్లని కోరుకునే

నీ తమ్ముడు
మద్దిలేటి