ఎడమ పక్క సీటు

1989 జులై 30, ఆదివారం

ఫియట్ వచ్చింది. మా పెద్ద బావగారు రాంప్రసాద్ కోర్బా నుంచి స్వయంగా నడుపుకుంటూ తెచ్చి, మా రైల్వే క్వార్టర్ ముందు నిలబెట్టి, టీ తాగి, బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆయనకి కొత్త మారుతి వచ్చిందిగా. ఈ ఫియట్‌ని మొదట ఖరగ్‌పూర్‌లో చినమావగారు కొన్నారు. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు. కుడివైపు తలుపు తెరుచుకోదు. ఎడమ నుంచి ఎక్కి అటు జరగాలి. చీర కట్టుకున్న మనిషికి అదో సర్కస్.

చినమావగారిది ఒక రూలు. బండిని అమ్మకూడదు, ఊరికే నిలబెట్టకూడదు. నడిపేవాళ్ళింట్లోనే ఉండాలి. మేం నడపకపోతే తరవాతి వంతు రాయగఢ్‌లో మా ఆడపడుచు శాంతాదేవిది. దసరాకి వస్తానని అప్పుడే కబురు. బండిని చూసి పోతుందట. ఒట్టినే చూడ్డానికి ఎవరొస్తారు?

మా ఆయన మాత్రం బండి చుట్టూ తిరిగి తిరిగి చూశారు. మార్చిలో రైల్వే మెడికల్‌లో రంగులు గుర్తుపట్టే టెస్ట్ పోయింది. రైలింజను దింపేసి స్టోర్స్‌లో కుర్చీ ఇచ్చారు. అప్పట్నుంచి ఈ మనిషి ఇంట్లో ఒక వస్తువుని ఇంత ఇష్టంగా చూడటం నేనెరగను. డాక్టరుదే తప్పు, నా కళ్ళకేటి అంటారు ఇప్పటికీ.

ఈ బండి నాకు కావాలి. ఎవరికీ ఇవ్వను.

ఆగస్టు 6

జీవితమంతా రైళ్ళు నడిపిన మనిషికి కారు ఓ లెక్కా అనుకున్నాం. స్టార్ట్ చేశారు. హారన్ కొట్టారు. బండి కదిలింది. ఎదర మలుపు. ఈయన నిటారుగా కూర్చుని ముందుకే చూస్తున్నారు. స్టీరింగ్ తిప్పాలన్న ధ్యాసే లేదు. ఇన్నేళ్ళూ తిప్పినవి పట్టాలు, ఈయన కాదుగా. పక్కింటి సింహాచలం గారి ఆనప పాదులోకి పోయి ఆగాం.

సింహాచలం గారు ఆఫీసరు జీపు డ్రైవరు. కోప్పడలేదు. ఏటి ఆదినారాయణా, సిగ్నల్ లేకుండా పక్క లూప్ లైన్లోకి వచ్చేసినావు అన్నారు. అందరం నవ్వాం. ఈయన నవ్వలేదు.

ఆగస్టు 7

తాళం చెవి దేవుడి గూట్లో పెట్టేశారు. ఇంక ముట్టుకోరట.

ఆగస్టు 20, పొద్దున్నే

గూట్లోంచి నేను తీశాను. నలభై రెండేళ్ళ దాన్ని, అయితే ఏంటి? లెర్నింగ్ లైసెన్సు తెచ్చుకున్నాను. ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో సింహాచలం గారు నేర్పుతున్నారు. క్లచ్ వదలడం సౌభాగ్యమ్మకి తెలీదు గానీ పట్టు వదలడం కూడా తెలీదు అని ఈయనతో చెప్పారట. పొగిడారో తిట్టారో.

సెప్టెంబర్ 3

ఇవాళ ఈయన పిలవకుండానే వచ్చి నా ఎడమ పక్క కూర్చున్నారు. సింహాచలం గారు వెనక. లింగియాడీహ్ వైపు వెళ్ళాం.

ఇంజన్‌లో ఒక పద్ధతి ఉందట. సిగ్నల్ కనబడగానే బండి నడిపే డ్రైవరు పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంట్ అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా ఒకటే రావాలి, అప్పుడే ముందుకి. ఈయన ఎదర ఆవు అంటారు. నేనూ ఎదర ఆవు అనాలి. సైకిల్. సైకిల్. ఇటుకల ట్రాక్టర్. ఇటుకల ట్రాక్టర్. మర్చిపోతే, రిపీట్ అని అరుస్తారు.

స్టీరింగ్ నా చేతిలో ఉంది, డ్రైవర్ని నేను, ముందు చెప్పాల్సింది నేను అన్నాను. నిన్నగాక మొన్న నేర్చిన నీకు నేను అసిస్టెంట్‌నా అని మొహం మాడ్చుకున్నారు. పోనీలే అని ఊరుకున్నా. దారంతా మాట్లాడారు. మార్చి నుంచి దాచుకున్న మాటలన్నీ ఆవుల మీదా ట్రాక్టర్ల మీదా ఖర్చు పెట్టారు. నాకెంత సంతోషంగా ఉందో.

సెప్టెంబర్ 17, ఆదివారం

విశ్వకర్మ పూజ. రైలింజన్లకి పూజ చేసే షెడ్‌కి కార్లో పోదాం అని ఈయనే అన్నారు. ఇంజను దిగాక షెడ్ గేటు తొక్కలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బండికి నేను బంతిపూల దండ కట్టాను.

చౌక్‌లో కొత్తగా ట్రాఫిక్ లైట్ పెట్టారు. నేను పక్కనుంచి దూరుతున్న రిక్షాని చూస్తున్నా. ఈయన గ్రీన్ అన్నారు. అలవాటుగా నేనూ గ్రీన్ అన్నా. వెళ్ళిపోయాను. విజిల్. అవతల నుంచి వస్తున్న స్కూటర్ వెంట్రుకవాసిలో తప్పింది. తల ఎత్తి చూస్తే ఎర్ర లైటు.

కానిస్టేబుల్ వచ్చి, బహెన్‌జీ, లాల్ బత్తీ దిఖ్‌తీ నహీ క్యా అన్నాడు. ఎర్ర లైటు కనబడదా అని అడిగింది నన్నే. తగిలింది ఈయనకి.

షెడ్‌కి వెళ్ళలేదు. వెనక్కి తిప్పాను. ఈయన ఇంటిదాకా కిటికీలోంచి బయటికే చూశారు. డాక్టరుదే తప్పని ఇన్నాళ్ళూ నేనూ నమ్మాను. ఏడుపొచ్చింది. బండి నడుపుతున్నానని ఆపుకున్నాను.

సెప్టెంబర్ 18

రాయగఢ్ వెళ్ళే గార్డుతో శాంతాదేవికి కబురంపేశారు. వచ్చి బండి పట్టుకుపొమ్మని.

సెప్టెంబర్ 28

ఇవాళ లైసెన్సు టెస్ట్. ఈయన రానన్నారు. సింహాచలం గారు తీసుకెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చున్నాడు. ఎదర ఆటో అన్నాను. ఆయన తిరిగి చెప్పడుగా, మళ్ళీ నేనే ఎదర ఆటో అన్నాను. టెస్టంతా ఇంతే. ఎవరితో మాట్లాడుతున్నారు అని హడలిపోయాడు పాపం. రైల్వే డ్రైవరు ఇల్లాలు సాబ్, అలాగే నడుపుతుంది అని సింహాచలం గారు సర్దిచెప్పారు. పాస్.

ఇంటికొచ్చి ఈయన చేతిలో పెట్టాను. ఫొటోలో కళ్ళు అంత పెద్దవి చేసేవేటి అన్నారు. ఇన్నాళ్ళకి ఒక మాట. అప్పుడే చెప్పేశాను. నా పక్కన అసిస్టెంట్ లేడు, రెండు పనులూ నేనే చెయ్యలేకపోతున్నాను అని. ఈయన లేచి సింహాచలం గారి ఆనప పాదుకి కొత్త కర్రలు పాతడానికి వెళ్ళారు.

అక్టోబర్ 10, దసరా

శాంతాదేవిని తేవడానికి స్టేషన్‌కి బయల్దేరాను. ఎడమ నుంచి ఎక్కి కుడికి జరిగాను. నా వెనకే ఇంకెవరో ఎక్కి తలుపు వేశారు.

చౌక్ వచ్చింది. ఈయన లైటు వైపు చూశారు. ముందు నువ్వే చెప్పాలన్నట్టు నా వైపు తిరిగారు.

గ్రీన్ అన్నాను.

గ్రీన్ అన్నారు.